రాడ్డు ఆయనది, ఈగ నాది

మా ఆయనకి రాడ్డు మీద మోజు, నాకు దారం మీద. ఫ్లై ఫిషింగ్ అంటే ఎరకి బదులు, ఈక, దారం చుట్టి పురుగులా చేసిన కొక్కెం విసిరి చేపని పట్టడం. ఆ కొక్కేన్నే ఈగ అంటారు. అది నేర్చుకోవడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం గానీ చివరికి చెరో విద్యా అబ్బింది. ఆయన సంగతి ఆయన ఎప్పుడైనా రాసుకుంటారు. ఇది నా భాగం.

మాది రాయగడ. నేను చీరలకి ఫాల్స్, పికో కుడతాను, పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్లకి మగ్గం వర్కు కూడా. ఆయనది రైల్వే ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, నా షాపు మెట్ల మీద రెండూ కలిసిపోయిన మాట. ఏరు ఊరి పక్కనే. కలహండి కొండల్లో పుట్టి, మా హాతీపత్థర్ రాళ్ళ మీద నుంచి దూకి, తోటపల్లి దాటి శ్రీకాకుళం వైపు పోయే నాగావళే అది. ఏటి చేపంటే మాకు తెలిసింది వల, గాలం, కాదంటే సంతలో తూకం. ఎర అక్కర్లేదు, ఈక కట్టిన కొక్కెం చాలని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

ఆ మాట అన్న పెద్దాయన్ని మేమంతా మాస్టారు అంటాం. పుట్టింది శ్రీకాకుళం జిల్లా పల్లెలో, ఉద్యోగం నీలగిరుల తేయాకు తోటలో. రిటైరయ్యాక కూతురి దగ్గరికని రాయగడ వచ్చేశారు. శని, ఆదివారాలు పొద్దున్నే ఏటి ఒడ్డున నలుగురైదుగురిని పోగేసుకుని నేర్పుతారు. బోర్డు లేదు, సర్టిఫికెట్ లేదు. ఫీజు సంగతి అడిగితే, "రాడ్డు కొన్నాక ఇంకా డబ్బులు మిగిలాయేటి బాబూ?" అని మా ఆయన్ని ఎదురడిగారు. మా ఆయన నా వైపు చూడలేదు.

మాస్టారు కొండల్లో పట్టింది ట్రౌట్. అది మన చేప కాదు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ సరదా కోసం గుడ్లు ఓడల్లో తెప్పించి కాశ్మీరులోనూ నీలగిరుల్లోనూ పెంచారు. నీలగిరుల్లో 1860ల్లోనే ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రవేత్త ప్రయత్నించాడుగానీ కుదరలేదు. 1900 దాటాక విల్సన్ అనే ఆయన హయాంలో రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. దానికి చల్లటి నీళ్ళుండాలి. వైశాఖంలో మా ఏట్లో కాలు పెడితే దానికి ఇక్కడ పనేమీ లేదని ఎవరికైనా తెలిసిపోతుంది. మరి ఇక్కడేం పడతాయని అడిగాను. "ఈగని తినే చేప లేని ఏరు ఉంటాదేటమ్మా?" అన్నారు. జవాబులా అనిపించలేదు అప్పుడు.

విసరడం సంగతి ముందు చెప్పేస్తాను. అందరూ గొప్పగా చెప్పుకునేది అదే కాబట్టి.

మామూలు గాలానికి బరువు ఎరలోనో సీసపు గుండులోనో ఉంటుంది. విసిరితే ఆ బరువే తాడుని లాక్కుని పోతుంది. ఇక్కడ కొక్కేనికి కట్టేది ఈక, దారం, ఊదితే లేచిపోయే సరుకు. అందుకని బరువంతా లైను అనే తాడులోనే పెట్టారు. అయిదో నంబరు లైనుంటే, మొదటి 30 అడుగులు కోసి తూస్తే 140 గ్రెయిన్లు తూగాలి, అంటే సుమారు 9 గ్రాములు. మనం విసిరేది ఆ లైనుని. దాని చివర లీడరు అనే కంటికి ఆనని దారం, లీడరు చివర ఇంకా సన్నటి టిప్పెట్, ఆ చివర ఈగ. 5ఎక్స్ అని అమ్మే టిప్పెట్ మందం 0.15 మిల్లీమీటర్లే. ముడి వేస్తుంటే మగవాళ్ళంతా కళ్ళజోళ్ళు సర్దుకున్నారు. నాకది రోజూ చేసే పనే.

మొదట్లో నీళ్ళ జోలికి వెళ్ళనివ్వలేదు. ఇసుక మీద నిలబెట్టి, కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి ఇచ్చారు. చంకలో తువ్వాలు మడిచి పెట్టారు, మోచెయ్యి పక్కకి లేచిందా తువ్వాలు కింద పడుతుంది. బొటనవేలు పిడి మీద. రాడ్డుని వెనక్కి తెచ్చి టక్కున ఆపాలి, ఆగాలి, ముందుకి తెచ్చి మళ్ళీ టక్కున ఆపాలి. ఈ మధ్యలో ఆగడమే ఎవరికీ వచ్చేది కాదు. తడి చీర దండెం మీద వేసే ముందు కొసలు పట్టుకుని విదిలిస్తామే, అవతలి చివరిదాకా సాగి ఫట్‌మన్నాకే దాని బరువు చేతికి అందుతుంది, వెనక్కి పోయిన లైనుదీ అదే తీరు. పూర్తిగా సాగకముందే చెయ్యి ముందుకొస్తే కొరడా చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడుతోపాటు ఈగ తెగి ఎటో పోతుంది. "ఎనక్కి తిరిగి సూడమ్మా, తప్పేటి లేదు. లైను సాగిందాకా సెయ్యి కదపకు" అని మాస్టారు ప్రతి ఒక్కరి పక్కనా నిలబడి చెప్పేవారు. లీడరులో వాటంతటవే పడే ముడుల్ని ఇంగ్లీషులో గాలి ముడులంటారట. గాలికి ఏ పాపం తెలీదు, తొందరపడే చేతి వల్ల పడేవే అన్నీ.

మా ఆయనకి దూరం పిచ్చి పట్టుకుంది. దానికి కారణం మాస్టారే. జోన్ వుల్ఫ్ అనే అమెరికా ఆవిడ 1951లో మగవాళ్ళందరితో కలిసి దూరం పోటీలో దిగి గెలిచిందనీ, 1960లో 161 అడుగులు విసిరిందనీ ఓ రోజు చెప్పారు. నాకు ఉత్సాహం రావాలని చెప్పిన కథ, పట్టుకున్నది మా ఆయన. ఇసుకలో గీతలు గీసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. మేము చేపలు వెతికిన గెడ్డలు, అంటే చిన్న వాగులు, చాలా చోట్ల 30 అడుగుల వెడల్పు లేవు. 161 అడుగులు విసిరితే ఈగ అవతలి ఒడ్డున ఎవరి వంగతోటలోనో పడుతుంది.

మా గెడ్డల్లో పనికొచ్చేది రోల్ కాస్ట్. వెనక తుప్పలు, మీద చింతకొమ్మలు, లైను వెనక్కి విసిరే జాగా ఎక్కడిది? అందుకని లైనుని నీళ్ళ మీద నుంచి పూర్తిగా లేపరు. రాడ్డుని నెమ్మదిగా వెనక్కి తెచ్చి, లైను భుజం పక్క నుంచి వేలాడేదాకా ఆగి, ఒక్కసారి ముందుకి కొట్టి ఆపుతారు. లైను దొర్లుకుంటూ పోయి పరుచుకుంటుంది. నీళ్ళు లైనుని పట్టుకుంటేనే రాడ్డు వంగి బలం పుంజుకునేది, అందుకే పొడి ఇసుక మీద ఇది కుదరదు. ఏ గొప్పా లేనట్టు కనిపించే ఈ ఒక్క విసురుతోనే నా పనంతా గడుస్తోంది.

ఇంక దారం దగ్గరికొస్తాను.

ఓ ఆదివారం ఎండ ముదిరాక మాస్టారు చెట్టు కింద బల్ల వేసి చిన్న వైస్ బిగించారు. అందులో కొక్కేన్ని పట్టించి, దారం చుట్టి, కోడి ఈక కట్టి చూపించారు. అంతవరకూ పక్కకి తప్పుకుని కూర్చున్న నేను బల్ల దగ్గరికి జరిగాను. కొక్కేలకి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, 12 కంటే 16 చిన్నది. మిషను సూదులకి 14 కంటే 16 లావు. కొన్నాళ్ళు నా చెయ్యి తప్పుడు డబ్బీ మీదికే పోయేది. కట్టే దారం లావుని డెనియర్లలో కొలుస్తారు, అమ్మేవి ఎక్కువగా 70, 140. నా ఎంబ్రాయిడరీ కోన్ మీద 120డి/2 అని ఉంటుంది, అంటే 120 డెనియర్ పోగులు రెండు పేని చేసింది. ఆ పేట విప్పి ఒక్క పోగు తీసి చుట్టి చూశాను. రేయాన్‌ది బిగించగానే పుటుక్కుమంది. పాలియెస్టర్‌ది నిలబడింది. విదేశీ దారం రీలు కోసం మా ఆయన పెట్టిన ఆర్డరు ఆ రోజే కాన్సిల్ చేయించాను.

ఈకల కోసం సంతలో నాటుకోళ్ళు కోసే అతని దగ్గరికి వెళ్ళాను. పుంజు మెడ ఈకలు కావాలంటే నన్నోసారి ఎగాదిగా చూసి, ఏ పూజకమ్మా అనడిగాడు. చేపలకన్నాను. ఇంకేం మాట్లాడకుండా కవర్ నిండా ఇచ్చాడు. పుంజు మెడ ఈకే ఎందుకంటే దాని పోచలు బిరుసు, కొక్కెం చుట్టూ తిప్పితే నిటారుగా విచ్చుకుని నీళ్ళ మీద ఈగని తేలుస్తాయి. పెట్ట ఈక మెత్తన, తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది, మునిగే ఈగలకి అది మంచిది. ఇంటికి తెచ్చాక షాంపూతో కడిగి, నీడన ఆరబెట్టి, కలరా ఉండలు వేసి డబ్బాలో పెట్టాలి. లేదంటే మర్నాటికి వంటింట్లోకి కూడా వాసన వస్తుంది.

నీలగిరుల అడవికోడి మెడ ఈక మీద పసుపు, తెలుపు చుక్కలు నిగనిగలాడుతూ ఉంటాయట. ఒకప్పుడు ఇంగ్లండులో సాల్మన్ చేపకి ఈగలు కట్టేవాళ్ళకి అది లేకపోతే పని జరిగేది కాదు, మూటలకి మూటలు ఓడల్లో పోయేవి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ పక్షిని ముట్టుకోకూడదు. మాస్టారి పెట్టెలో ఒక్కటి కూడా లేదు. ఎవరైనా అడిగితే ఆయనకి కోపం కూడా వస్తుంది.

స్కాట్లాండులో మేగన్ బాయిడ్ అని ఒకావిడ ఉండేదట, 1915లో పుట్టి 2001లో పోయింది. సముద్రం ఒడ్డున చిన్న రేకుల షెడ్డులో కూర్చుని జీవితమంతా సాల్మన్ ఈగలే కట్టింది. అప్పటికి యువరాజుగా ఉన్న చార్లెస్ ఆవిడ ఖాతాదారు. 1971లో రాణి పతకం ఇస్తామంటే కుక్కని చూసుకునేవాళ్ళు లేరని లండన్ వెళ్ళలేదట. చేపలు మాత్రం పట్టేది కాదు. మాస్టారు చెప్పిన కథలన్నిటిలో నాకు నచ్చింది ఇదే. జోన్ వుల్ఫ్‌ని మా ఆయనకి వదిలేశాను.

మాస్టారు నేర్పినవన్నీ ట్రౌట్ ఈగలు. కట్టడం వచ్చాక నాకు పట్టుకున్న అనుమానం ఏమిటంటే, ఈ పురుగులు మా ఏట్లో అసలు ఉన్నాయా అని. అడిగితే తెల్ల పింగాణీ పళ్ళెం చేతికిచ్చి గెడ్డలోకి దిగమన్నారు. మోకాలి లోతులో రాళ్ళు తిరగేసి, అడుగున అంటుకున్నవాటిని పళ్ళెంలో నీళ్ళు పోసి వదలాలి. చూస్తే బోలెడు ఉన్నాయి. మూడు తోకలతో, పొట్ట పక్కన రేకుల్లాంటి మొప్పలు ఆడిస్తూ పాకే మేఫ్లై అనే పురుగు పిల్లలు. ఇసుక రేణువులు అంటించుకున్న చిన్న గొట్టాలు, అందులో క్యాడిస్ పురుగు. ఆ పురుగు నోటి దగ్గర నుంచి పట్టు పోగు తీసి ఒక్కో రేణువూ అతికించుకుంటుంది. భూతద్దంలో చూశాను. చమ్కీ పని చేసే ఎవరికైనా ఆ అతుకు చూస్తే ఈర్ష్య పుడుతుంది. ఒక రేణువు పీకేస్తే లోపలి పురుగు తల బయటపెట్టి, కాళ్ళతో తడుముకుని, ఇంకో రేణువు ఎత్తుకుని, తిప్పి చూసి, సరిపోకపోతే పారేసి మరోటి ఎత్తుకుంది. క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోతున్నా నేను పళ్ళెం వదల్లేదు. మా ఆయన బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టారు.

అదే గెడ్డలో పైన ఎవరో బ్లీచింగ్ పౌడరు కలిపిన వారం కూడా చూశాను. రాళ్ళు తిరగేస్తే పళ్ళెంలోకి ఏమీ రాలేదు. చేపలు నాలుగు రోజుల్లో ఎక్కడినుంచో ఎక్కి వస్తాయి, ఈ పురుగులు రావడానికి చాలా కాలం పట్టింది. నీళ్ళలో విషం కలిపినా, మందుగుండు పేల్చినా నేరమని 1897 నాటి చట్టమే చెబుతోందని మాస్టారు ఆ ఊరి వాళ్ళ ముందు గట్టిగా అన్నారు. విన్నవాళ్ళు తలలూపారు.

మేలో మొదటి వాన పడ్డ రాత్రి షాపు ట్యూబులైటు చుట్టూ ఉసుళ్ళు ముసిరాయి. చిన్నప్పుడు మా అమ్మ దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి పట్టి, రెక్కలు చెరిగి, ఉప్పు కారం వేసి వేయించేది. ఇప్పుడు నేను బక్కెట్టు పెట్టి కూర్చుని, అవి నీళ్ళలో ఎలా పడతాయో చూశాను. నాలుగు రెక్కలూ ఒకటే పొడవు, వెల్లకిలా పడితే రెక్కలు నీళ్ళకి అంటుకుపోతాయి, ఒళ్ళు మాత్రం మెలికలు తిరుగుతుంది. ఏ ట్రౌట్ పుస్తకపు ఈగకీ ఈ వాలకం లేదు.

కట్టడం మొదలుపెట్టాను. పన్నెండో నంబరు కొక్కెం, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని కటింగ్ ప్లయరుతో నొక్కేశాను. పాత హవాయి చెప్పు నుంచి బ్లేడుతో సన్నటి పట్టీ కోసి ఒంటికి వేశాను, తేలడానికి. దాని మీద ముదురు గోధుమ రంగు పాలియెస్టర్ పోగు, పొట్ట కణుపులు తెలిసేలా ఎడం ఎడంగా. రెక్కలకి ఆర్గంజా. ఎవరి పెళ్ళి చీర ఫాల్స్‌లోనో మిగిలిన లేత తేనెరంగు ముక్క. ఆర్గంజా కోస్తే అంచు పోగులు లేచిపోతాయని కుట్టుపని వాళ్ళకి చెప్పక్కర్లేదు, అగరొత్తి నిప్పుతో అంచు చుట్టూ తాకించి కరిగించాను. మెడ దగ్గర పుంజు ఈక రెండు చుట్లు, చివర ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క. చూడ్డానికి ముచ్చటగా ఉంది. విసిరితే గింగిరాలు తిరిగి టిప్పెట్‌ని పేడు పేడుగా మెలేసింది. ఆర్గంజా బిరుసు కదా, గాలి పట్టేసింది. వెడల్పు సగానికి తగ్గించాను, నాలుగు రెక్కలకి బదులు రెండే పెట్టాను. అప్పుడు తిన్నగా పోయింది. చేపకి రెక్కల లెక్క అక్కర్లేదు, పొట్ట నీళ్ళలో ఎంత మునిగిందన్నదే చూస్తుంది అంటారు మాస్టారు. ఆ మాట నిజమే.

మర్నాడు పొద్దున గెడ్డ మడుగులో నిజం ఉసుళ్ళు ఇంకా తేలుతున్నాయి. రాళ్ళ సందున నీళ్ళు గుండ్రంగా విచ్చుకుంటున్నాయి, ఒకటి, మళ్ళీ పక్కనే ఇంకోటి. రోల్ కాస్ట్ వేశాను. ఈగ పడీ పడగానే చిన్న చప్పుడుతో మాయమైంది. ఇక్కడ రాడ్డు ఎత్తే తొందరలో చాలామందికి చేప తప్పిపోతుంది. నాకు తగిలింది. జానెడు కూడా లేదు. వెండిరంగు ఒళ్ళు, పక్కల నిలువుగా నీలం పట్టీలు, నోరు మాత్రం ఒంటికి మించి పెద్దది. బారిలియస్ జాతి అన్నారు మాస్టారు, కొండవాగుల్లో పైకి ఎగిరి పురుగుల్ని తినే చేప. చెయ్యి ముందు నీళ్ళలో తడిపి పట్టుకోమన్నారు, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు ఊడి రోగం వస్తుందట. కొక్కేనికి ముల్లు లేదు కాబట్టి వేలితో నెట్టగానే వచ్చేసింది. వదిలేశాను.

ఒడ్డున గేదెల్ని కడుగుతున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఓలమ్మ, పట్టినదాన్ని ఒగ్గేసినావేటి?" అని. వాళ్ళ నవ్వులో నాకేం తప్పు కనబడలేదు. పట్టి వదలడమే పుణ్యం అనే మాట మా క్లాసులో కొందరికి ఉంది, నాకు లేదు. పులుసుకి సరిపడా పడితే పులుసు పెడతాను. కానీ కొరమీను దగ్గర మాత్రం మాస్టారి మాటే నా మాట. వానల్లో మడుగు పైన ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా ఆడుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు ఏ ఈగ వేసినా మీద పడతాయి, ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందని. అలాంటి చేపని పడితే మిగిలిన పిల్లల్ని పక్క చేపలు గంటలో ఊడ్చేస్తాయి. మా ఆయన ఓసారి రాడ్డు ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

జూన్ దాటాక ఏరు ఎర్రమట్టి నీళ్ళతో పొంగింది, క్లాసు ఆగింది. మళ్ళీ నీళ్ళు తేటపడ్డాకే. ఈలోపు ఇంటి దగ్గర కట్టుకుంటూ కూర్చున్నాను. క్లాసు వాళ్ళు నా ఉసుళ్ళు అడుగుతున్నారు. పికోకి తీసుకున్నంతే తీసుకుంటున్నాను, ఒక్కోదానికి పట్టే టైము మాత్రం పికోకి రెట్టింపు.

ప్రస్తుతం మేడిపండు మీద పడ్డాను. గెడ్డ మీదికి వంగిన మేడిచెట్టు నుంచి పండు డుబుక్కుమని పడిన ప్రతిసారీ అడుగు నుంచి ఏదో పెద్దది లేస్తోంది, దాన్ని ఇంకా ఎవరం సరిగ్గా చూడలేదు. పండు కాసేపు తేలి, తర్వాత మెల్లగా దిగుతుంది. చెప్పు ముక్కతో చేస్తే అసలు మునగదు, ఎర్ర ఊలుతో చేస్తే రాయి పడ్డట్టు పోతుంది. ఊలు మీద ఎంత మందం ఫోమ్ వెయ్యాలో బక్కెట్టులో వేసి చూసుకుంటున్నాను. మా ఆయన స్నానానికి ఇంకో బక్కెట్టు కొనుక్కొచ్చారు.